పీఎఫ్, పీపీఎఫ్, ఎన్‌పీఎస్: ఎందులో ఎంత పెట్టొచ్చు, పన్ను ఎక్కడ పడుతుంది

"బావా, మార్చిలోపు లక్షన్నర ఎక్కడన్న పెట్టాల్నంట. పీపీఎఫ్‌ల పెట్టాల్నా, ఎన్‌పీఎస్‌ల పెట్టాల్నా?" అని మా బామ్మర్ది జడ్చర్ల నుంచి ఫోన్ చేశాడు. పోలేపల్లి సెజ్‌లో ఒక మందుల కంపెనీలో పని, ఏడాదికి 9 లక్షల జీతం. "ఏది మంచిదో తర్వాత చూద్దాం గానీ, నువ్వు పాత పద్ధతిల ఉన్నవా, కొత్త పద్ధతిల ఉన్నవా?" అనడిగాను. అటువైపు కాసేపు చప్పుడు లేదు. "అంటే ఏంది బావా?" అన్నాడు. పన్ను లెక్కకు రెండు దారులున్నాయి: దాచుకున్నదానికి ఆదాయంలో తగ్గింపులు ఇచ్చేది పాత పద్ధతి, ఆ తగ్గింపులు చాలావరకు తీసేసి పన్ను రేట్లు తగ్గించింది కొత్త పద్ధతి. ఇక పీపీఎఫ్ అంటే పోస్టాఫీసులోనో బ్యాంకులోనో తెరిచే 15 ఏళ్ల పొదుపు ఖాతా, ఎన్‌పీఎస్ అంటే ముసలితనం కోసం వేసుకునే పెన్షన్ పథకం.

వాడొక్కడే కాదు. జనవరిలో హెచ్‌ఆర్ వాళ్లు ప్రూఫ్‌లు అడగడం మొదలుపెట్టగానే మా చుట్టాల్లో సగం మంది ఇదే ప్రశ్న వేస్తారు. నేను సీఏని కాను, పాలసీలు అమ్మేవాణ్ని అంతకన్నా కాను. నల్గొండలో పుట్టి పెరిగి, ఏళ్లుగా అకౌంట్స్ సెక్షన్‌లో కూర్చుని జీతం స్లిప్పులు, ఫారం 16లు (కంపెనీ ఇచ్చే జీతం, పన్ను లెక్క కాగితాలు) చూస్తున్నవాణ్ని, అంతే. కింద రాసిన లెక్కలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం, అందులో సెక్షన్ల నంబర్లు వేరు, కానీ జనం నోట్లో ఇంకో పదేళ్లు 80సి (పాత పద్ధతిలో లక్షన్నర దాకా పొదుపుకు తగ్గింపు ఇచ్చే సెక్షన్) అనే మాటే ఉంటుంది కాబట్టి నేనూ పాత పేర్లతోనే రాస్తున్నాను.

ముందు మీకు పన్ను పడుతుందా లేదా చూసుకోండి

మా బామ్మర్ది లెక్కే తీసుకుందాం. జీతం 9 లక్షలు. కొత్త పద్ధతిలో స్టాండర్డ్ డిడక్షన్, అంటే జీతగాళ్లందరికీ ప్రూఫ్ లేకుండా ఇచ్చే తగ్గింపు, 75 వేలు తీసేస్తే 8.25 లక్షలు మిగులుతుంది. కొత్త పద్ధతిలో పన్ను వేసే ఆదాయం 12 లక్షలు దాటకపోతే రిబేటు (పన్నులో ఇచ్చే మాఫీ) పోను కట్టాల్సింది సున్నా. అంటే వాడు ఒక్క రూపాయి ఎక్కడా పెట్టకపోయినా పన్ను లేదు.

ఇప్పుడు వాడే పాత పద్ధతికి పోయి, 80సి కింద పూర్తిగా లక్షన్నర, ఎన్‌పీఎస్‌లో ఇంకో 50 వేలు, అంతా కడుపు మాడ్చుకుని పెట్టాడనుకోండి. 9 లక్షల్లోంచి స్టాండర్డ్ డిడక్షన్ 50 వేలు, ఈ 2 లక్షలు పోతే ఆరున్నర లక్షలు. దాని మీద పన్ను 42,500, సెస్‌తో కలిపి 44,200. చెప్పిన చోటల్లా పైసలు పెట్టి 44 వేలు కట్టడమా, ఏమీ పెట్టకుండా సున్నా కట్టడమా? ఇంత తేడా ఉన్నా ఇప్పటికీ "80సి నింపాలె" అని పరిగెత్తేవాళ్లు మన దగ్గర మస్తు మంది ఉన్నారు, ఎందుకంటే పదేళ్లుగా అలవాటైపోయింది, పైగా మార్చిలో ఇంటికొచ్చే ఏజెంటు కొత్త పద్ధతి సంగతి ఎత్తడు.

జీతగాళ్లకు 12.75 లక్షల దాకా ఇదే కథ. అంతకు పైన ఉన్నవాళ్ల లెక్క కొంచెం చూసుకోవాలి. 18 లక్షల జీతానికి కొత్త పద్ధతిలో సెస్‌తో కలిపి 1,50,800 పడుతుంది. పాత పద్ధతిలో 80సి లక్షన్నర, ఎన్‌పీఎస్ 50 వేలు మాత్రమే చూపిస్తే 2,88,600 పడుతుంది. అదే మనిషికి హౌస్ లోన్ వడ్డీ 2 లక్షలు, ఇంటద్దె మినహాయింపు ఇంకో రెండున్నర లక్షలు ఉంటే పాత పద్ధతిలో 1,48,200కి దిగుతుంది, అంటే కొత్తదానికంటే 2,600 తక్కువ. నల్గొండలోనో పాలమూరులోనో సొంతిల్లు కట్టుకుని దాని లోన్ కడుతూ, తాను మాత్రం హైదరాబాద్‌లో పెద్ద అద్దె కట్టేవాడికి తప్ప ఈ రెండూ ఒకేసారి రావు. ఊర్లోనే ఉండి ఊర్లోనే అద్దె కట్టేవాళ్లకు అంత అద్దె ఎక్కడుంది?

ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోండి, చాలామంది దీన్ని తప్పుగా అర్థం చేసుకుంటారు. ఏ రిటైర్మెంట్ పథకంలోనైనా పన్నువాళ్లు మూడు చోట్ల నిలబడతారు. పైసలు లోపలికి పోయేటప్పుడు ఒకసారి, లోపల పెరిగేటప్పుడు ఒకసారి, బయటికి వచ్చేటప్పుడు ఒకసారి. కొత్త పద్ధతిలో పోయింది మొదటి మినహాయింపు ఒక్కటే, అంటే మన జేబులోంచి పెట్టినదానికి ఆదాయంలో తగ్గింపు ఇవ్వరు. పీపీఎఫ్ మీద వచ్చే వడ్డీకి గానీ, చివర్లో చేతికొచ్చే మొత్తానికి గానీ కొత్త పద్ధతిలోనూ పన్ను లేదు. "కొత్తదానికి మారితే పీపీఎఫ్ వడ్డీకి పన్ను పడతదంట" అని మా వదిన ఎవరో చెప్పింది విని ఖాతా మూసేద్దామనుకుంది. ఆపాను.

జీతం స్లిప్పులో పీఎఫ్ ఎక్కడెక్కడికి పోతుంది

బామ్మర్ది స్లిప్పు వాట్సాప్‌లో తెప్పించుకున్నాను. బేసిక్ 30,000. వాడి పీఎఫ్ కటింగ్ 12 శాతం, అంటే 3,600. కంపెనీ కూడా అంతే, 3,600 వేస్తుంది. కానీ కంపెనీ వేసినదంతా పీఎఫ్‌లోకి పోదు. అందులో 1,250 ఈపీఎస్ అనే పెన్షన్ డబ్బాలోకి పోతుంది, మిగిలిన 2,350 మాత్రమే పీఎఫ్‌లో పడుతుంది. ఆ 1,250 ఎందుకంటే, పెన్షన్ లెక్కకు జీతం ఎంతున్నా 15,000 అనే అనుకుంటారు, దాని మీద 8.33 శాతం. 2014 సెప్టెంబర్ నుంచి ఆ 15 వేల దగ్గరే ఉంది. ఆ తేదీ తర్వాత మొదటి ఉద్యోగంలోనే 15 వేలకు పైన బేసిక్‌తో చేరినవాళ్లకు ఈపీఎస్ ఉండదు, కంపెనీ వాటా మొత్తం పీఎఫ్‌లోకే పోతుంది. మావాడు మొదట్లో 11 వేల బేసిక్‌తో ట్రైనీగా చేరాడు, అందుకని పెన్షన్‌లో ఉన్నాడు.

ఆ పెన్షన్ ఎంతొస్తుందో కూడా చెప్తాను, ఆశ పెట్టుకోకుండా ఉంటారు. 15 ఏళ్ల సర్వీసు ఉంటే 15,000ను 15తో గుణించి 70తో భాగించాలి. నెలకు 3,214. అది కూడా కనీసం పదేళ్ల సర్వీసు ఉంటేనే. ముసలితనం మొత్తం దీని మీద గడుస్తుందనుకుంటే మిర్యాలగూడ సన్నబియ్యం బస్తాకు కూడా లెక్క చూసుకోవాల్సి వస్తుంది.

కొన్ని కంపెనీలు బేసిక్ ఎంతున్నా 15 వేల మీదే పీఎఫ్ కట్ చేసి 1,800 దగ్గర ఆపేస్తాయి. అది చట్టానికి సరిపోతుంది. చేతికి జీతం ఎక్కువ వస్తుంది కదా అని సంబరపడేవాళ్లుంటారు, నేనైతే పడను, ఎందుకంటే ఎదురుగా కంపెనీ వాటా కూడా 1,800 దగ్గరే ఆగిపోతుంది.

పన్ను సంగతికొస్తే, మన 12 శాతం పాత పద్ధతిలో 80సి లక్షన్నరలో భాగం. మావాడిది ఏడాదికి 43,200 ఇప్పటికే అందులో ఉంది, కానీ వాడికి ఆ విషయమే తెలియదు, ఇంకా లక్షన్నర బయట పెట్టాలనుకుంటున్నాడు. కంపెనీ వేసే 12 శాతానికి ఏ పద్ధతిలోనైనా పన్ను లేదు. వడ్డీ 2024-25కి 8.25 శాతం ఇచ్చారు, దానికీ పన్ను లేదు, ఒక గీత దాటనంతవరకు.

ఆ గీత 2.5 లక్షలు. 2021 ఏప్రిల్ నుంచి, ఒక ఏడాదిలో మన చేతి కటింగ్ 2.5 లక్షలు దాటితే, దాటినదాని మీద వచ్చే వడ్డీకి ఏటా పన్ను కట్టాలి. కంపెనీ వాటా ఈ లెక్కలోకి రాదు. యజమాని వాటా అసలు లేని ఖాతాలకు, అంటే సర్కారు ఉద్యోగుల జీపీఎఫ్ లాంటివాటికి ఈ గీత 5 లక్షలు. ఇంకో గీత కూడా ఉంది, కంపెనీ మన పేరు మీద పీఎఫ్, ఎన్‌పీఎస్, సూపరాన్యుయేషన్ (కంపెనీ పెట్టే పెన్షన్ నిధి) మూడింటిలో కలిపి ఏడాదికి 7.5 లక్షలకు మించి వేస్తే మించినదాన్ని జీతం కింద లెక్కేస్తారు, కానీ అది పెద్ద పెద్ద జీతాలవాళ్ల బాధ, మనం దాటేద్దాం.

ఐదేళ్లు నిండకముందే పీఎఫ్ తీస్తే

దీని గురించి కొంచెం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే షాద్‌నగర్, కొత్తూరు, జడ్చర్ల వైపు పనిచేసే మన పిల్లలు రెండేళ్లకో కంపెనీ మారతారు, మారినప్పుడల్లా ఉన్న పీఎఫ్ తీసేసి బండి కొంటారు. మా చిన్నాయన కొడుకు అట్లే చేశాడు. మూడేళ్లు పనిచేసి మానేశాడు, లక్షా చిల్లర వచ్చింది. అందులో 10 శాతం టీడీఎస్, అంటే ముందుగానే పట్టుకునే పన్ను, కోసుకుని మిగతాది వేశారు. "నా పైసలు నాకియ్యడానికి పన్నేంది అన్నా?" అని నా మీదికి లేచాడు, నేనేదో కోసినట్టు.

వరుసగా ఐదేళ్ల సర్వీసు లేకుండా తీస్తే కంపెనీ వేసిన వాటా, దాని వడ్డీ జీతం కింద పన్నుకు వస్తాయి. మన వాటా మీది వడ్డీ ఇతర ఆదాయం కిందకు వస్తుంది. పాత పద్ధతిలో ఇదివరకు 80సి కింద లాభం తీసుకుని ఉంటే దాన్ని కూడా వెనక్కి లాగుతారు. మొత్తం 50 వేలు దాటితే టీడీఎస్ 10 శాతం, పాన్ లింకు లేకపోతే 20 శాతం. పన్ను పడేంత ఆదాయం లేనివాళ్లు ముందే 15జి ఫారం ఇస్తే టీడీఎస్ కోయరు. మా చిన్నాయన కొడుక్కి ఆ ఏడాది పన్నే లేదు, రిటర్న్ వేయించాను, కోసింది తిరిగొచ్చింది, కానీ అప్పటికి ఏడు నెలలైంది.

తీయకుండా కొత్త కంపెనీకి ట్రాన్స్‌ఫర్ చేసుకుంటే పాత సర్వీసు కూడా కలుస్తుంది, ఐదేళ్ల లెక్క అక్కడి నుంచే నడుస్తుంది. జబ్బు చేసి మానేసినా, కంపెనీ మూతపడినా ఐదేళ్ల నిబంధన వర్తించదు.

వీపీఎఫ్‌లో పెట్టాలా, పీపీఎఫ్‌లో పెట్టాలా

ఉద్యోగం ఉన్నవాళ్లకు అసలైన పోటీ ఈ రెండింటి మధ్యే. వీపీఎఫ్ అంటే కొత్త ఖాతా ఏమీ కాదు, మన పీఎఫ్‌లోకే 12 శాతం కంటే ఎక్కువ కట్ చేయమని కంపెనీకి రాసివ్వడం. బేసిక్, డీఏ మొత్తం దాకా పెట్టుకోవచ్చు. వడ్డీ పీఎఫ్ వడ్డీయే. కంపెనీ మాత్రం తన వాటా పెంచదు.

పీఎఫ్ వడ్డీ 8.25కి, పీపీఎఫ్ వడ్డీ 7.1కి తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, రెండింటికీ వడ్డీ మీద పన్ను లేదన్నప్పుడు ఆ తేడా మొత్తం మన జేబులోకే వస్తుంది. మా బామ్మర్ది కటింగ్ 43,200 కాబట్టి, 2.5 లక్షల గీత దాటకుండా ఇంకా 2,06,800 దాకా వీపీఎఫ్‌లో వేసుకోవచ్చు. పీపీఎఫ్‌లో ఏడాదికి లక్షన్నర కంటే ఒక్క రూపాయి ఎక్కువ వేసినా దానికి వడ్డీయే రాదు. పరిమితి విషయంలో కూడా వాడికి వీపీఎఫ్‌దే పైచేయి. పైగా జీతం చేతికి రాకముందే కట్ అవుతుంది, దసరాకు ఖర్చు పెట్టేద్దామన్నా ఉండదు.

మరి పీపీఎఫ్ ఎవరికి? ఉద్యోగం లేనివాళ్లకు, సొంత వ్యాపారం ఉన్నవాళ్లకు, ఉద్యోగం ఉన్నా భార్య పేరు మీద వేయాలనుకునేవాళ్లకు. భార్యకు తన లక్షన్నర తనకు వేరుగా ఉంటుంది, వడ్డీకి పన్నే లేదు కాబట్టి భర్త ఇచ్చిన పైసలైనా గొడవ లేదు. పిల్లల పేరు మీద తెరిస్తే మాత్రం తెరిచిన తల్లిదో తండ్రిదో ఖాతాతో కలిపి లక్షన్నరే. ఇంకో లాభం, అప్పులవాళ్లు కోర్టుకు పోయినా పీపీఎఫ్‌ను జప్తు చేయలేరు. వ్యాపారం చేసేవాళ్లకు ఈ ఒక్క మాట చాలు.

పీపీఎఫ్ గడువు 15 ఏళ్లు, అంటే ఖాతా తెరిచిన ఆర్థిక సంవత్సరం అయిపోయాక 15 ఏళ్లు. మధ్యలో మూడో ఏడాది నుంచి ఆరో ఏడాది దాకా అప్పు తీసుకోవచ్చు, ఏడో ఏడాది నుంచి కొంత తీసుకోవచ్చు. ఏడాదికి కనీసం 500 వేయాలి, వేయకపోతే ఖాతా నిద్రపోతుంది.

పీపీఎఫ్‌లో 5వ తేదీ సంగతి తెలియక పైసలు పోగొట్టుకునేవాళ్లను ఎంతమందిని చూశానో. ప్రతి నెలా 5వ తేదీ నుంచి నెలాఖరు దాకా ఖాతాలో ఉన్న కనీస మొత్తం మీదే వడ్డీ. ఒకసారి ఏప్రిల్ 4న మా ఊరి హెడ్ పోస్టాఫీసులో లైన్లో నిలబడ్డాను. నా ముందు రిటైరైన ఒక సారు, సంచిలో పాసుబుక్కు, లక్షన్నర నోట్లు రబ్బరు బ్యాండు వేసి. కౌంటర్లో పిల్ల "సర్వర్ స్లో ఉంది, ఎల్లుండి రండి సార్" అంది. ఆయన కదలలేదు. "ఎల్లుండి వస్తే 887 రూపాయలు పోతయమ్మా, నువ్విస్తవా?" అన్నాడు. లక్షన్నర మీద ఒక నెల వడ్డీ అంతే, 887 రూపాయల 50 పైసలు. గంటన్నర నిలబడి వేసే పోయాడు. ఆయనే నా వైపు తిరిగి ఇంకో లెక్క చెప్పాడు. ఏటా ఏప్రిల్ మొదట్లోనే లక్షన్నర వేస్తే 15 ఏళ్లకు కట్టింది 22.5 లక్షలు, ఇదే 7.1 శాతం ఉంటే చేతికొచ్చేది దాదాపు 40.68 లక్షలు, పన్ను లేకుండా. ఇంటికొచ్చి వేసి చూశాను, కరెక్టే. 7.1 శాతం 2020 ఏప్రిల్ నుంచి మారలేదు, కానీ ప్రభుత్వం మూడు నెలలకోసారి చూస్తుంది కాబట్టి 15 ఏళ్లూ ఇదే ఉంటుందని రాసిచ్చేవాడు లేడు.

ఎన్‌పీఎస్: అందరికీ కాదు, కొందరికి మాత్రం భలే

నేను స్వయంగా దెబ్బతిన్న చోటు ఇదే. 2024 మార్చి చివర్లో, పాత పద్ధతిలో 80సి మీద అదనంగా వచ్చే 50 వేల మినహాయింపు కోసం, అంటే 80సీసీడీ(1బి) కోసం, ఎన్‌పీఎస్‌లో 50 వేలు వేశాను. కంపెనీకి పద్ధతి ఏదో చెప్పలేదు, చెప్పకపోతే కొత్త పద్ధతే అనుకుని కోస్తారు, సరే రిటర్న్ వేసేటప్పుడు పాతది ఎంచుకుందాంలే అనుకున్నాను. జూలైలో మా బాపుకు కంటి ఆపరేషన్, ఆ తిరుగుడులో 31వ తేదీ దాటిపోయింది. గడువు దాటాక వేసే రిటర్న్‌లో పాత పద్ధతి ఎంచుకునే వీలే లేదు. లేటు ఫీజు 5,000 కట్టి కొత్త పద్ధతిలోనే వేశాను, 50 వేలకు పైసా లాభం రాలేదు, అవి నాకు 60 వచ్చేదాకా అందులోనే కూర్చుంటాయి. రోజూ ఊరందరి ఫారం 16లు చూసే నా పరిస్థితే అది.

ఎన్‌పీఎస్‌కు పన్ను మినహాయింపు మూడు దారుల్లో వస్తుంది. మన జేబులోంచి వేసేది 80సి లక్షన్నరలో కలిసి మొదటిది, జీతగాళ్లకు బేసిక్, డీఏలో 10 శాతం దాకా. రెండోది నేను పైన చెప్పిన 50 వేలు, 30 శాతం శ్లాబులో ఉన్నవాళ్లకు దాని విలువ 15,600. ఈ రెండూ పాత పద్ధతిలోనే. మూడోది కంపెనీ మన పేరున వేసేది, 80సీసీడీ(2), ఇది కొత్త పద్ధతిలోనూ ఉంది, పైగా కొత్త పద్ధతిలో బేసిక్, డీఏ మీద 14 శాతం దాకా. జీతగాళ్లు కొత్త పద్ధతిలో నిజంగా వాడుకోగలిగిన రిటైర్మెంట్ మినహాయింపు ఇదొక్కటే అని చెప్పొచ్చు.

దీని బలం ఎంతో ఒక జీతం మీద చూడండి. ఏడాదికి 13.5 లక్షలు, బేసిక్ నెలకు 45,000. స్టాండర్డ్ డిడక్షన్ పోను 12.75 లక్షలు. 12 లక్షలు దాటింది కాబట్టి రిబేటు పోయింది, పన్ను సెస్‌తో కలిపి 74,100. ఇప్పుడు అదే 13.5 లక్షల లోపలి నుంచే 14 శాతం, అంటే 75,600, కంపెనీ చేత ఎన్‌పీఎస్‌లో వేయించండి. పన్ను వేసే ఆదాయం 11,99,400కి దిగుతుంది. పన్ను సున్నా. ఎన్‌పీఎస్‌లో 75,600 పడితే 74,100 పన్ను మిగిలింది, అంటే చేతికొచ్చే జీతం ఏడాదికి 1,500 మాత్రమే తగ్గుతుంది. ఇట్లాంటి అంచున ఉన్నవాళ్లు హెచ్‌ఆర్‌ను వదలకుండా అడగాలి. కంపెనీ ఆ సౌకర్యం పెట్టకపోతే మాత్రం మనం విడిగా వేసినా కొత్త పద్ధతిలో లాభం లేదు, అదొక బాధ.

బయటికి వచ్చేటప్పుడు సంగతి. 60 ఏళ్లకు నిధిలో 60 శాతం పన్ను లేకుండా తీసుకోవచ్చు, మిగతా 40 శాతంతో యాన్యుటీ, అంటే నెలనెలా పెన్షన్ ఇచ్చే పాలసీ, కొనాలన్నది మనకు అలవాటైన నియమం. 2025 డిసెంబర్‌లో ప్రభుత్వ ఉద్యోగులు కానివాళ్లకు దీన్ని సడలించారు, పెద్ద నిధిలో 20 శాతం యాన్యుటీకి పెడితే చాలు, 8 లక్షల లోపు నిధైతే మొత్తం తీసుకోవచ్చు. కానీ పన్ను చట్టంలో మాఫీ రాసి ఉన్నది 60 శాతానికే, కాబట్టి పైన తీసే 20 శాతం మీద సంతకం పెట్టేముందు ఒక సీఏకి చూపించండి. యాన్యుటీలో నెలనెలా వచ్చేది మాత్రం ఆదాయమే, శ్లాబు ప్రకారం పన్ను ఉంటుంది. మధ్యలో తీయాలంటే మూడేళ్ల తర్వాత, పిల్లల చదువో పెళ్లో ఇల్లో పెద్ద జబ్బో చూపించి, అది కూడా మనం వేసినదాంట్లో 25 శాతం. అందులో షేర్ మార్కెట్ పైసలు కూడా ఉంటాయి, రాబడి ఇంతని హామీ లేదు. ముప్పైల్లో ఉన్నవాడికి అది మంచిదే కావచ్చు, 56 ఏళ్ల మా పెద్దబాపుకు వద్దన్నాను.

2004 సెప్టెంబర్ 1 తర్వాత చేరిన మన సర్కారు టీచర్లు, ఉద్యోగులు సీపీఎస్ పేరుతో దీంట్లోనే ఉన్నారు, వాళ్లకు ఎంచుకునేదేమీ లేదు. ఒక చిన్న కిటుకు మాత్రం ఉంది. పాత పద్ధతిలో ఉన్నవాళ్లు తమ 10 శాతం కటింగ్‌లో 50 వేలను 80సీసీడీ(1బి) కింద చూపిస్తే 80సి లక్షన్నరలో అంత జాగా ఖాళీ అవుతుంది, అందులో ఎల్‌ఐసీయో పిల్లల స్కూలు ఫీజో పెట్టుకోవచ్చు.

జీతం లేనివాళ్ల మాటేమిటి

మిర్యాలగూడలో కమీషన్ వ్యాపారం చేసే మా దోస్తుకు పీఎఫ్ లేదు, కంపెనీ లేదు. అతనికి ఎన్‌పీఎస్‌లో మొత్తం ఆదాయంలో 20 శాతం దాకా చూపించుకోవచ్చు, కానీ మళ్లీ ఆ లక్షన్నర లోపలే, పాత పద్ధతిలోనే. అతనికి నేను చెప్పింది పీపీఎఫ్ రెండు ఖాతాలు, ఒకటి తనది, ఒకటి ఇల్లాలిది. వ్యాపార ఆదాయం ఉన్నవాళ్లు పద్ధతి విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి, పాతది కావాలంటే గడువులోపల 10-ఐఈఏ ఫారం వేయాలి, ఒకసారి కొత్తదానికి తిరిగొచ్చాక మళ్లీ పాతదానికి పోవడం కుదరదు. జీతగాళ్లలాగా ఏటా అటూ ఇటూ దూకే వీలు వాళ్లకు లేదు.

వ్యవసాయ ఆదాయానికి పన్నే లేదు కాబట్టి రైతులకు పన్ను ఆదా కోసం ఎందులోనూ పెట్టే పని లేదు, ముసలితనం కోసమైతే పెట్టాలి. రైస్ మిల్లులో హమాలీ చేసేవాళ్లు, ఇళ్లల్లో పనిచేసేవాళ్లు, చిన్న రైతులు 18 నుంచి 40 ఏళ్ల మధ్య ఉండి, ఆదాయపు పన్ను కట్టేవాళ్లు కాకపోతే అటల్ పెన్షన్ యోజన ఉంది. 60 తర్వాత నెలకు 5,000 కావాలంటే 18 ఏళ్లకు చేరితే నెలకు 210, 30 ఏళ్లకు చేరితే 577, 40కి చేరితే 1,454. ఆలస్యం ఖరీదు ఎంతో ఈ మూడు అంకెల్లోనే ఉంది. 2022 అక్టోబర్ నుంచి పన్ను కట్టేవాళ్లను చేర్చుకోవడం లేదు.

ఇక మా బామ్మర్ది. నీకు పన్ను లేదు, ప్రూఫ్‌లు ఇచ్చే పని లేదు, కొత్త పద్ధతిలోనే ఉండు, దాచుకోవాలనుంటే వీపీఎఫ్ లెటర్ ఇవ్వు అని చెప్పాను. హెచ్‌ఆర్‌ను అడిగితే ఏప్రిల్‌లోనే మారుస్తామన్నారట, చాలా కంపెనీల్లో అంతే. "మరి చేతుల ఉన్న లక్షన్నర ఏం చేయాలె బావా?" అన్నాడు.

"నీకు అప్పులేమన్న ఉన్నయా?"

మళ్లీ కాసేపు చప్పుడు లేదు. చెల్లె పెళ్లికి భూత్పూర్‌లో ఒకాయన దగ్గర తెచ్చింది ఇంకో రెండు లక్షలు మిగిలిందట.

"మిత్తి ఎంత?"

"రెండు రూపాయలు."

అంటే ఏడాదికి 24 శాతం. ఎనిమిదిం పావు శాతం కోసం జనవరి నుంచి నా పానం తింటున్నాడు. ఆ లక్షన్నర ఆదివారమే పోయి ఆయనకు కట్టి, నోటు వెనక జమ రాయించుకుని ఫొటో పంపమన్నాను. సోమవారం పొద్దున ఫొటో వచ్చింది.